బ్రౌన్ సెకార్ పండితుడు

హిందూ మహాసముద్రమున, ఆఫ్రికా ఖండమునకు తూర్పుగా, మారిషస్ అను చిన్న ద్వీపము కలదు. ఆ పేరు మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. 1834వ సంవత్సరము తరువాత చెరకు తోటలలో కూలిపనికై ఓడలెక్కి పోయిన వారిలో తెలుగువారును అనేకులుండిరి. వారి సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు. ఆ ద్వీపపు ముఖ్యపట్టణమగు పోర్టు లూయీలో 1817వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన ఛార్లెస్ ఎడ్వర్డు బ్రౌన్ సెకార్ జన్మించెను. మన తెలుగు నిఘంటువును కూర్చిన బ్రౌను దొర వేరు, ఈయన వేరు. పేరులో పోలిక తప్ప వారిద్దరికిని సంబంధము లేదు.

తండ్రి అమెరికా దేశములోని ఫిలడెల్ఫియా పట్టణపు వాడు, వర్తకపు ఓడకు కప్తాను. కుమారుడు పుట్టకమునుపే ఆయన సముద్రముమీద పోయి మరల రాలేదు. తల్లి ఫ్రెంచి సంతతికి చెందిన స్త్రీ. ఆమె కుట్టుపని చేసి ఆ యొక్క బిడ్డను పెంచెను. తల్లి పడిన కష్టమును ఆ బాలుడు ఎన్నడును మరువలేదు. ఆమె మరణించిన పిమ్మట, తండ్రి పేరగు బ్రౌనునకు తల్లి యింటిపేరగు సెకారును చేర్చి వ్రాసికొన నారంభించెను. లోకము ఆయనను నేటికిని ఆ జంటపేరుతోనే యెరుగును.

1838లో తల్లియు కుమారుడును పారిసు నగరమునకు చేరిరి. బ్రౌన్ సెకార్ అచ్చటికి పోయినది వైద్యుడగుటకు కాదు, కవియై నాటకములు వ్రాయుటకు. కాని తాను తెచ్చిన వ్రాతలను చార్లెస్ నోడియే అను ప్రసిద్ధ రచయితకు చూపగా, ఆ వృత్తితో జీవనము గడచుట దుర్లభమని ఆయన సలహా యిచ్చెను. యువకుడు మనస్సు మార్చుకొని వైద్యవిద్యలో ప్రవేశించెను. తల్లి తమ ద్వీపమునుండి వచ్చిన విద్యార్థులకు బస యిచ్చి, భోజనము పెట్టి, ఆ రాబడితో కుమారుని చదివించెను. 1846లో ఆయనకు వైద్యపట్టము లభించెను. పట్టము వచ్చినను ధనము రాలేదు. రోగులను చూచి రుసుము తీసికొనుటకంటె ప్రయోగములు చేయుటయందే ఆయనకు ప్రీతి మెండు.

ఆ ప్రయోగములలో మొదట పేరు తెచ్చినది వెన్నుపామును గూర్చినది. వెన్నుపామును అడ్డముగా సగము మాత్రమే కోసినచో ఏమగును? కోసిన ప్రక్కనే కాలు కదలదు. కాని నొప్పియు, వేడి చల్లదనముల తెలివియు పోవునది ఆ ప్రక్కను కాదు, ఎదుటి ప్రక్కను. నొప్పిని మెదడునకు చేర్చు నరములు వెన్నుపాములో ప్రవేశించిన కొద్ది దూరములోనే ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దాటుటయే ఇందుకు కారణమని ఆయన కనిపెట్టెను. వీపున కత్తిపోటు తగిలిన వారిలో ఈ లక్షణములే కానవచ్చును. నేటి వైద్యులును దానిని బ్రౌన్ సెకార్ లక్షణసముదాయమనియే వ్యవహరించుచున్నారు. ఈయన వేరేమియు చేయకున్నను ఈ యొక్క పనిచేతనే ఆయన పేరు నిలిచి యుండెడిది.

అయితే ఆయనకొక అలవాటు కలదు. ఏ సందేహము కలిగినను ముందు తన దేహముమీదనే పరీక్షించుకొనును. కడుపులోని జీర్ణరసము నెట్లు సంపాదింపవలెనని యోచించి, స్పంజిముక్కకు దారము కట్టి మ్రింగి, కొంతసేపటికి దానిని పైకి లాగుచుండెడివాడు. ఇట్లనేక పర్యాయములు చేయగా, తిన్న యన్నము పశువులు నెమరువేసినట్లు మరల నోటికి వచ్చు దురభ్యాసము జీవితాంతము ఆయనను వదలలేదు. 1854లో మారిషస్ ద్వీపమున విషూచి ప్రబలెను. అప్పుడాయన స్వదేశమునకు పోయి రోగులకు చికిత్స చేసెను. నల్లమందు ఆ రోగమునకు పనిచేయునా యని తెలిసికొనుటకై రోగి వాంతి చేసినదానిని తాను మ్రింగి, ఆ వెనుక మందు పుచ్చుకొనెను. ద్వీపవాసులు కృతజ్ఞతతో ఆయన గౌరవార్థము బంగారు పతకమును చేయించిరి. ఆ తరువాత అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఉపాధ్యాయుడుగా నున్న కాలమున, చర్మముయొక్క పని యేమో తెలిసికొనుటకై ఒడలెల్ల వార్నిషు పూసికొని స్పృహతప్పి పడిపోగా, శిష్యుడొకడు చూచి గీకి బ్రతికించెనని చెప్పుదురు. విద్యార్థులు ఇట్టి కథలను సంతోషముతో విందురు. ధైర్యము మెచ్చదగినదే. కాని ఒక్క మనుష్యుని దేహము, అందులోను పరీక్షకుని దేహము, ఎంతవరకు సాక్ష్యమియ్యగలదన్న ప్రశ్న అప్పుడే పుట్టినది. దాని యుత్తరము ఆయనకు వృద్ధాప్యమున ఎదురయ్యెను.

1856లో ఆయన మరియొక గొప్ప పని చేసెను. మూత్రపిండములపై టోపీలవలె కూర్చుండు రెండు చిన్న గ్రంథులు కలవు. వానిని అధివృక్క గ్రంథులందురు. అవి చెడినచో మనుష్యుడు క్షీణించి మరణించునని అంతకు ముందటి సంవత్సరమే అడిసన్ అను ఆంగ్ల వైద్యుడు వ్రాసియుండెను. బ్రౌన్ సెకార్ జంతువులనుండి ఆ గ్రంథులను తీసివేసి చూడగా అవి కొలది కాలములోనే చనిపోయెను. ఆవగింజంత గ్రంథి లేకున్న ప్రాణమేల పోవలెను? ఆ గ్రంథులు ప్రాణమునకు అత్యవసరములని ఆయన తేల్చెను. నేడు మనము హార్మోనులని పిలుచు పదార్థములను గూర్చిన భావన అప్పటికి పండితలోకమున స్పష్టముగా లేదు. ఆ పేరే 1905వరకు పుట్టలేదు.

పిమ్మట ఆయన జీవితము ఓడలమీదనే గడచెనన్నను తప్పులేదు. అట్లాంటిక్ సముద్రమును అరువదికంటె ఎక్కువ మారులు దాటెనని గణించిరి. 1859 ప్రాంతమున లండనులో పక్షవాత, మూర్ఛరోగులకై నెలకొల్పబడిన క్రొత్త వైద్యశాలలో పనిచేసెను. 1864లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఎచ్చటను నిలువలేదు. తుదకు 1878లో, క్లోద్ బెర్నార్ అను మహాపండితుడు మరణింపగా, పారిసు నగరమందలి కాలేజి ద ఫ్రాన్సులో ఆయన పీఠము బ్రౌన్ సెకారునకు లభించెను. కుట్టుపని చేసిన తల్లి ఆ దినమును చూడలేదు.

ఇట్టి సూక్ష్మబుద్ధి గల పండితుడును పొరపడుట కలదు. గినీపందుల నరములకు గాయము చేసి వానికి మూర్ఛ తెప్పించి, ఆ మూర్ఛ వాని పిల్లలకును వారసత్వముగా వచ్చునని చాలకాలము వాదించెను. తరువాతివారు పరీక్షింపగా ఆ వాదము నిలువలేదు.

ఇక 1889వ సంవత్సరము. ఆయనకు 72 యేండ్లు. బలము సన్నగిల్లెను. ప్రయోగశాలలో అరగంట నిలువబడిన కూర్చుండవలసి వచ్చుచుండెను, రాత్రులు నిద్రపట్టదు, మెట్లు ఎక్కుట ఆయాసము. పురుషత్వమునకు మూలమైన బీజగ్రంథులు, అనగా వృషణములు, రక్తములోనికి ఏదో బలకరమైన పదార్థమును పంపుచుండవలెననియు, వృద్ధాప్యమున అది తగ్గుటచేతనే దేహము శిథిలమగుననియు ఆయన బహుకాలమునుండి తలపోయుచుండెను. ఎద్దునకును ఆబోతునకును గల భేదమును చూచిన మన రైతు కిది వింతగా తోచదు. ఆయన కుక్కలయొక్కయు గినీపందులయొక్కయు వృషణములను నలిపి, నీటితో కలిపి, వడకట్టి, ఆ నీటిని మే నెలలో తన చర్మము క్రిందికి సూదితో ఎక్కించుకొనెను. ఇట్లు కొలదివారములలో సుమారు పదిమారులు చేసెను. ఎక్కించిన చోట వాపును నొప్పియు మిక్కుటముగా కలిగెను. అయినను మానలేదు.

జూన్ 1వ తేదీన పారిసులోని జీవశాస్త్ర సంఘమున ఆయన లేచి, తనకు యౌవనబలము కొంత మరల వచ్చినదని తోడి పండితులకు నివేదించెను. గంటలకొలది నిలువబడి పని చేయగలుగుచున్నాననియు, మెట్లమీద పరుగెత్తుచున్నాననియు, రాత్రి భోజనానంతరము గూడ వ్రాసికొనుచున్నాననియు తెలిపెను. చేతిపట్టు బలమును కొలుచు యంత్రముతో చూచుకొనగా ముందటికంటె సుమారు 6, 7 కిలోగ్రాములు హెచ్చినదని లెక్కలు చూపెను. సూదులు మానిన కొలదివారములకు ఆ బలము తగ్గిపోయినదనియు దాచక చెప్పెను. సత్యసంధుడే, సందేహము లేదు.

కాని యిందు ఒక చిక్కు కలదు. బీజగ్రంథులలో పుట్టు ఆ పదార్థము నీటిలో కరగునది కాదు. అది కొవ్వువంటి ద్రవ్యమునుండి యేర్పడి నూనెలో కరగునది. పైగా ఆ గ్రంథులు దానిని నిలువ యుంచుకొనవు. పుట్టినది పుట్టినట్లే రక్తములోనికి పోవును. కావున ఆయన వడకట్టిన నీటిలో ఆ పదార్థము ఉండెనా లేదా యన్నంత స్వల్పముగానే యుండవలెను. 2002లో ఆస్ట్రేలియా దేశపు పరిశోధకులు ఆయన వ్రాసిన పద్ధతినే యనుసరించి రసము తీసి కొలిచి చూడగా, మనుష్యునిపై పనిచేయుటకు చాలినంత ద్రవ్యము అందులో లేదని తేలెను. మరి మెట్లమీద పరుగెత్తిన దెవరు? ఆయన ఆశ. బలము వచ్చుననుకొని యంత్రమును నొక్కిన చేయి మునుపటికంటె గట్టిగా నొక్కును. తాను పరీక్షకుడు, తానే రోగి, తానే న్యాయాధిపతి యగుటచేత ఆ మోసమును పట్టుకొనుటకు మరియొకడు లేకపోయెను.

ఆ వార్త తంతుల మీదుగా లోకమంతట వ్యాపించెను. కొందరు పరిహసించిరి. వైద్యపత్రికలు కొన్ని ముదిమివలన బుద్ధి చెదరినదనిరి. వర్తకులు మాత్రము పరిహసింపక సీసాలు నింపి అమ్మసాగిరి. బ్రౌన్ సెకారును ఆయన సహాయకుడగు దార్సొన్వాలును రసమును తయారుచేసి, ఫలితములను తెలుపుడని కోరి వైద్యులకు ఉచితముగా పంపిరే గాని దానిపై లాభము తీయలేదు. ఆ వేసవియందే, ఆగస్టు నెలలో, అమెరికాలో గాల్విన్ అను బేసుబాలు ఆటగాడు ఆటకు ముందు ఆ రసమును ఎక్కించుకొనెననియు, అతని పక్షము గెలిచెననియు పత్రికలు ప్రకటించెను. రసములో సారము లేదని మన మిప్పుడెరుగుదుము. కాని బజారులో కొన్న బలముతో పందెము గెలువవచ్చునన్న తలంపు క్రీడాస్థలమున అడుగుపెట్టిన దినములలో అది మొదటిదని చెప్పవచ్చును. పండితుడు వృద్ధుల కొరకు వెదకినదానిని మూడు నెలలు తిరుగకుండ ఆటగాడు చేజిక్కించుకొనెను.

పొరపాటునుండియు మేలు పుట్టవచ్చును. గ్రంథులలో ఔషధము కలదన్న ఆయన మాటను నమ్మి అనేకులు వెదకిరి. 1891లో ఇంగ్లండున మర్రే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడు గ్రంథి రసమును, ఆ గ్రంథి చెడి ఉబ్బి మందగించియున్న యొక స్త్రీకి ఇయ్యగా ఆమె స్వస్థత నొంది అనేక సంవత్సరములు జీవించెను. ఈసారి జరిగినది ఆశ కాదు, నిజము. ఈ మార్గము తెరచుకొనుటను చూచియే బ్రౌన్ సెకార్ 1894వ సంవత్సరము ఏప్రిల్ మొదటి దినములలో, 76 యేండ్ల ప్రాయమున, పారిసులో మరణించెను.

ఆయన పోయిన రెండేండ్లకు, అనగా 1896లో, ఆస్ట్రియా దేశపు గ్రాట్సు పట్టణమున జోత్, ప్రెగెల్ అను ఇద్దరు ఆ రసమునే ఎక్కించుకొని వ్రేళ్ల బలమును యంత్రముతో కొలిచిరి. ఆటగాండ్రను తరిఫీదు చేయుటకు ఇది పనికి రావచ్చునని జోత్ వ్రాసెను. ఈ ప్రెగెల్‌కే తరువాత 1923లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చెను గాని అది వేరొక పనికి. 1935లో ఆబోతుల వృషణములనుండి అసలు పదార్థమును వేరుచేసి దానికి టెస్టోస్టిరోన్ అని పేరుపెట్టిరి. ఆ సంవత్సరమే బుటెనాంట్, రుజిచ్కా అను పండితులు దానిని ప్రయోగశాలలో తయారుచేయ నేర్చిరి. టెస్టోస్టిరోనును, దానిని కొద్దిగా మార్చి చేసిన మందులును అనబాలిక్ స్టీరాయిడులనబడును. ఉబ్బసమునకు వైద్యులిచ్చు స్టీరాయిడులు వేరు. అవి బ్రౌన్ సెకార్ 1856లో పరీక్షించిన అధివృక్క గ్రంథుల పదార్థములకు సంబంధించినవి. తల్లిదండ్రులు ఈ రెంటిని కలిపి భయపడి బిడ్డలకు వైద్యుడిచ్చిన మందు మానిపించరాదు.

ఈ మందు పనిచేయదని విద్యార్థులకు చెప్పుట నాకిష్టము లేదు. అట్లు చెప్పినచో, పనిచేయుటను కన్నులార చూచిన బాలుడు మనము చెప్పిన తక్కిన మాటలను గూడ నమ్మడు. 1996లో అమెరికాలో శలేంద్ర భాసిన్ మొదలగు వైద్యులు ప్రకటించిన పరీక్షలో కొందరికి వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోనును, కొందరికి ఉత్త నూనెను, ఎవరికేది యిచ్చినది వారికి తెలియకుండ పదివారములు ఇచ్చిరి. బ్రౌన్ సెకార్ చేయని జాగ్రత్త యిదియే. మందు పొందిన వారికి కండయు బలమును నిశ్చయముగా పెరిగెను. వ్యాయామము తోడైనచో మరింత పెరిగెను. పురుషుని దేహము దినమునకు పుట్టించుకొనునది కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే యని తలచుకొన్నచో ఆ మోతాదు ఎంతటిదో తెలియును. బలమునకై వాడువారు దీనికంటెను హెచ్చుగా పుచ్చుకొనుట కలదు.

అపాయమంతయు ఆ పనిచేయుటయందే యున్నది. మెదడు అడుగున పిట్యూటరీ అను గ్రంథి యొకటి కలదు. రక్తములో టెస్టోస్టిరోను ఎంత యున్నదో కనిపెట్టి, తక్కువైనచో పుట్టింపుమని బీజగ్రంథులకు ఆజ్ఞ పంపుట దాని పనులలో నొకటి. బయటినుండి సూది ద్వారా సమృద్ధిగా వచ్చుచుండగా అది ఆజ్ఞలు మానును. పనిలేని గ్రంథులు కృశించును, సంతానబీజములు తగ్గిపోవును. మందు మానిన తరువాత అవి మరల మేల్కొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ఆ నడిమికాలమున మనుష్యుడు నీరసించి, దిగులుపడి, ఆ దిగులు తీరుటకు మరల సూదినే వెదకును. ఇంతేకాదు, ఎక్కువైన టెస్టోస్టిరోనులో కొంత దేహములో స్త్రీ హార్మోనుగా మారును. అందుచే మగవారికి రొమ్ములు పెరుగుట కలదు. రక్తములోని మేలుచేయు కొవ్వు తగ్గి కీడుచేయునది హెచ్చును, గుండె గోడలు దళసరి యగును. చిన్న వయస్సుననే గుండెపోటు వచ్చినవారు కలరు. మాత్రల రూపమున మ్రింగు వానిలో అనేకము కాలేయమును చెరచును. బాలుర విషయములో మరియొక్క హాని. ఎముకల చివరల నుండి వానిని పొడిగించు మృదువైన భాగము ముందుగానే గట్టిపడి ఎదుగుదల నిలిచిపోవును. పొడవు కావలెనని కోరినవాడు పొట్టివాడై నిలుచును. నేడు మన పట్టణములలోని వ్యాయామశాలలలో గూడ ఈ సూదులు చేతులు మారుచున్నవి గనుక ఇంత వివరముగా వ్రాయవలసి వచ్చినది.

క్రీడాలోకమున ఈ మందులు 1950 తరువాత బరువులెత్తువారితో మొదలై విస్తరించెను. ఒలింపిక్ క్రీడల నిర్వాహకులు 1976లో మాంట్రియాలున వీనికై పరీక్షలు మొదలుపెట్టిరి. 1988లో సియోలున నూరు మీటర్ల పరుగును 9.79 సెకండ్లలో గెలిచిన కెనడావాడు బెన్ జాన్సను స్టానొజొలాల్ అను స్టీరాయిడు వాడెనని తేలి పతకమును పోగొట్టుకొనెను. అతడు పెద్దవాడు, తెలిసి చేసెను. తూర్పు జర్మనీలో జరిగినది అట్టిది కాదు. అచ్చటి ప్రభుత్వమే 1974 మొదలు రహస్యమైన ఏర్పాటుచేసి, ఈతకత్తెలకును పరుగుపందెముల బాలికలకును, కౌమారము దాటనివారికి సైతము, స్టీరాయిడు మాత్రలు ఇప్పించెను. అనేకులకు అవి బలమిచ్చు విటమినులని చెప్పిరి. బ్రౌన్ సెకార్ ఎంత పొరపడినను సూదిని తన దేహముననే గ్రుచ్చుకొనెను, ఫలితమును పదిమందిలో చదివి వినిపించెను. వీరు ఇతరుల బిడ్డల దేహములలో పరీక్షించి లెక్కలను పెట్టెలలో దాచిరి. ఆ దేశము 1990లో పశ్చిమ జర్మనీతో ఏకమైన వెనుక ఆ కాగితములు బయటపడెను. 2000వ సంవత్సరమున బెర్లిను న్యాయస్థానము ఆ యేర్పాటును నడిపిన ముఖ్యులకు శిక్ష విధించెను. 2002లో జర్మను ప్రభుత్వము చట్టము చేసి హాని పొందినవారికి కొంత ధనము నిచ్చెను. అప్పటికి ఆ బాలికలు నడివయస్సు స్త్రీలు. పెరిగిన కండలు ఏనాడో కరగిపోయెను. మగవారివలె మారిన గొంతుక మాత్రము వారికి అట్లే నిలిచెను.